మూడో కొత్తవాడు

1988 జనవరి 11, సోమవారం. బ్యాంకులో సెలవు చీటీ పడేసి, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, పైక్రాఫ్ట్స్ రోడ్డులోని మా అద్దెవాటా నుంచి చెపాక్‌కి నడుచుకుంటూ బయల్దేరాను. వెస్టిండీస్‌తో నాలుగో టెస్టు. వివియన్ రిచర్డ్స్‌ని చూడ్డానికి ట్రిప్లికేన్ అంతా కదిలింది. నా సంచిలో మాత్రం డబ్బా పక్కన ఒక రూళ్ల పుస్తకం కూడా ఉంది. టాసు కాగానే అందులో మూడు పేర్లు రాసుకున్నాను. డబ్ల్యు.వి. రామన్, నరేంద్ర హిర్వాణీ, అజయ్ శర్మ. ముగ్గురూ ఆ రోజే మొదటి టెస్టు ఆడుతున్నవాళ్లు.

కొత్తవాడి పేరు ముందు రాసిపెట్టుకుని, వాడేమవుతాడో తర్వాత సరిచూసుకోవడం నాకు కాలేజీ రోజుల్నించీ ఉన్న జబ్బు. మా నాన్నది గూడూరు. ప్రెస్సులో కంపోజిటరు ఉద్యోగానికి మెడ్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకి క్రికెట్ తలకెక్కలేదు. నాకెక్కింది. ఆడ్డానికి చేతకాలేదు కాబట్టి ఆదివారాలు లీగు మ్యాచులకి స్కోరు రాసే పని పట్టుకున్నాను. 31 ఏళ్లు రాశాను.

ఆ టెస్టు సంగతి చాలామందికి గుర్తే. కపిల్ దేవ్ 109 కొట్టాడు, మనవాళ్లు 382. ఆ తర్వాత కళ్లద్దాల కుర్రాడు, 19 ఏళ్ల హిర్వాణీ, బంతి పట్టుకున్నాడు. పిచ్ అప్పటికే పొడి రాలుతోంది. బంతి పడ్డచోట సున్నం చల్లినట్టు దుమ్ము లేచేది. విండీస్ వాళ్లు స్పిన్‌ని ముందుకొచ్చి బాదేద్దామనుకున్నారు. ముందుకొచ్చినవాళ్లు ఎందరో వెనక్కి చూసేసరికి కిరణ్ మోరే బెయిల్స్ ఎగరగొట్టి నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క టెస్టులో మోరే స్టంపింగులే 6. హిర్వాణీ మొదటి ఇన్నింగ్స్‌లో 61 పరుగులకి 8, రెండో ఇన్నింగ్స్‌లో 75 పరుగులకి 8, మొత్తం 16 వికెట్లు. మన ఊరి పిల్లాడు రామన్ రెండో ఇన్నింగ్స్‌లో 83 కొట్టాడు. 255 పరుగుల తేడాతో గెలిచాం. ఢిల్లీ నుంచి వచ్చిన అజయ్ శర్మ రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 53. నా పుస్తకంలో అతని పేరు పక్కన "పర్లేదు" అని రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది ఆ మాట, నీలం సిరాలో.

ఆ 16 వికెట్లు చూసి మా వీధిలో హిర్వాణీకి ఇక తిరుగులేదని తేల్చేశాం. నేనూ అదే అన్నాను. మొదటి 4 టెస్టుల్లో అతనికి 36 వికెట్లు వచ్చాయి కూడా. తర్వాత 13 టెస్టుల్లో 30. మొత్తం 17 టెస్టులు, అంతటితో సరి. రామన్‌కి 11 టెస్టులు. అజయ్ శర్మకి అదొక్కటే.

ఇదంతా మళ్లీ తవ్వుకోవాల్సి రావడానికి కారణం మా అన్న కొడుకు. వాడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాడు. వాళ్ల ఆఫీసులో ఫ్యాంటసీ ఫుట్‌బాల్ ఆడతారట. నిజం ఆటగాళ్లని వేలంలోలాగా పంచుకుని కాగితం జట్లు కట్టుకుంటారు. వారం వారం వాళ్లు మైదానంలో ఏం చేస్తే ఇక్కడ ఆ పాయింట్లు. 1962లో ఓక్లాండ్‌కి చెందిన బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన మిత్రులతో కలిసి మొదలెట్టిన సరదా అట ఇది. వాడికి కావలసింది ఒక రన్నింగ్ బ్యాక్. అంటే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లని తోసుకుంటూ పరిగెత్తేవాడు. అందరూ ఎగబడేవాళ్లని వదిలేసి, ఎవరూ పట్టించుకోని కొత్తవాణ్ణి పట్టాలట.

"బాబాయ్, నువ్వు మనిషిని చూస్తూనే పోల్చుకుంటావంటారు కదా. ఎలాగో చెప్పు" అన్నాడు.

"నాకు ఆ ఆటలో ముందేదో వెనకేదో తెలీదురా. అయినా నువ్వు ఆ కుర్రాణ్ణి తర్వాత చూడు. వాడి ముందున్నవాడు ఏమయ్యాడో ముందు చూడు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే ఒక కథ చెప్పాడు. 2020లో జేమ్స్ రాబిన్సన్ అనే కుర్రాణ్ణి, జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో, ఏ జట్టూ తీసుకోలేదు. జాక్సన్‌విల్ వాళ్లు ఊరికే పిలిచి పెట్టుకున్నారు. ఆ ఆగస్టులో వాళ్ల అసలు రన్నింగ్ బ్యాక్ ఫోర్నెట్‌ని జట్టులోంచి తీసేశారు. బంతి రాబిన్సన్ చేతికొచ్చింది. మొదటి ఏడాదే 1,070 గజాలు పరిగెత్తాడు. "అంటే ఫోర్నెట్ పోయిన రోజునే రాబిన్సన్‌ని తీసుకోవాల్సింది, బాబాయ్" అన్నాడు. అదీ సంగతి. చెయ్యి చూసేముందు చోటు చూడాలి. ఈ ముక్క అమెరికా వాళ్లకి కంప్యూటర్లొచ్చాక తెలిసిందేమో, మెడ్రాసుకి తొంభై ఏళ్ల కిందటే అనుభవంలోకి వచ్చింది.

ఈ ఊళ్లో మనవాళ్ల క్రికెట్‌కి నాంది పలికినవాడు తెలుగువాడని ఇక్కడి తెలుగువాళ్లకే చాలామందికి తెలీదు. మోదవరపు వెంకటమహీపతి నాయుడు, ఊరందరికీ బుచ్చిబాబు. 1868లో పుట్టాడు, పెద్ద దుబాసీల కుటుంబం. చెపాక్ అప్పట్లో తెల్లవాళ్ల క్లబ్బుది, మనవాళ్లకి ప్రవేశం లేదు. ఆయన 1888లో మెడ్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. కుర్రాళ్లకి బ్యాట్లూ బట్టలూ తన డబ్బుతో ఇప్పించాడు. యూరోపియన్లకీ ఇండియన్లకీ ప్రెసిడెన్సీ మ్యాచ్ జరగాలని పట్టుబట్టి ఒప్పించాడు. అది చూడకుండానే 1908 డిసెంబరులో పోయాడు. తర్వాత ఆ మ్యాచ్ ఏటా సంక్రాంతికి జరిగేది కాబట్టి పొంగల్ మ్యాచ్ అన్నారు. కొత్తవాణ్ణి ఊరంతా కలిసి కూర్చుని తూకం వేసే అలవాటు ఈ ఊరికి ఆ గ్యాలరీల్లోనే అబ్బిందని నా లెక్క. ఆయన పేరిట టోర్నమెంటు ఇప్పటికీ ఉంది. పోస్టర్లో పేరు చూసి "ఎవరండీ ఈ బుచ్చిబాబు, రైటరా?" అని నన్నొకాయన అడిగాడు. "చివరకు మిగిలేది" బుచ్చిబాబు అనుకున్నాడు పాపం.

బుచ్చిబాబు కొడుకుల్లో చిన్నవాడు కోటా రామస్వామి. దత్తు పోయాడు కాబట్టి ఇంటిపేరు మారింది. 1922లోనే టెన్నిస్‌లో డేవిస్ కప్ ఆడాడు. ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగం. 1936లో ఇంగ్లండ్ వెళ్లే క్రికెట్ జట్టులో పేరొచ్చేసరికి వయసు నలభై దగ్గర పడింది. ఆ జట్టుకి కెప్టెన్ మన విజయనగరం పేరు మోసుకు తిరిగిన రాకుమారుడు, విజ్జీ. ఆట కంటే హోదా పెద్దదని చరిత్రకారులంతా ఒప్పుకున్న మనిషి. ఆ జూన్‌లో, టెస్టులు మొదలవక ముందే, లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి ఓడెక్కించి ఇంటికి పంపేశారు. జట్టులో అందరికంటే మంచి బ్యాట్స్‌మన్లలో ఒకడు పోయాడు. బ్యాటింగ్ వరసలో గొయ్యి పడింది.

జులై 25న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రామస్వామి మొదటి టెస్టు ఆడాడు. 40 ఏళ్ల 37 రోజుల కొత్తవాడు! పరుగులు 40, 60. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56 దాటింది. అంతే, మరో టెస్టు లేదు. ఆ ఓడ కదలకపోతే ఆ అంకెలూ లేవు.

అదే జట్టులో ఎం.జె. గోపాలన్ ఉన్నాడు. ఈయనది ఇంకో దారి. చెంగల్పట్టు వైపు పల్లెలో పుట్టి, ట్రిప్లికేన్‌లో పెరిగినవాడు. బర్మాషెల్ కంపెనీ దొర సి.పి. జాన్‌స్టన్ కంట పడ్డాడు. ఆ దొర కెంట్ కౌంటీకి ఆడి వచ్చినవాడు. ఆయనే కంపెనీలో ఉద్యోగం వేయించాడు. తర్వాత కాలంలో ఊళ్లోని కంపెనీలన్నీ ఆటగాళ్లకి ఉద్యోగాలిచ్చి లీగు జట్లు నడిపాయి చూడండి, ఆ పద్ధతికి గోపాలన్ తొలి ఉదాహరణల్లో ఒకడు. 1934 నవంబరు 4న చెపాక్‌లో మైసూరు మీద రంజీ ట్రోఫీ మొట్టమొదటి బంతి వేసింది ఈయనే. ఆ మ్యాచ్ ఒక్క రోజులో ముగిసింది. 11 వికెట్లు తీసింది మాత్రం ఎ.జి. రామ్‌సింగ్. ఆయనకి జీవితంలో ఒక్క టెస్టూ దక్కలేదు. కొడుకు కృపాల్‌సింగ్ 1955లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో మొదటి టెస్టులోనే 100 నాటౌట్ కొట్టి ఆ బాకీ కొంత తీర్చాడు.

గోపాలన్ హాకీలో కూడా ధ్యాన్‌చంద్ పక్కన ఆడినవాడు. 1936లో రెండు దారులు ఎదురయ్యాయి. బెర్లిన్ ఒలింపిక్స్‌కి హాకీ జట్టుతో వెళ్లాలా, ఇంగ్లండ్‌కి క్రికెట్ జట్టుతో వెళ్లాలా? క్రికెట్ ఎంచుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఒక్క టెస్టూ ఆడించలేదు. బెర్లిన్‌లో హాకీ జట్టుకి బంగారు పతకం వచ్చింది. క్రికెట్ జట్టులో కొత్త బంతి పుచ్చుకోవడానికి నిస్సార్, అమర్‌సింగ్ అప్పటికే ఉన్నారు. ఖాళీ లేని చోటికి ఓడెక్కాడు గోపాలన్. 2003లో 94 ఏళ్లకి చెన్నైలో పోయాడు. రికార్డులో ఆ ఇంగ్లండ్ పర్యటనకి ముందు కలకత్తాలో ఆడిన ఒకే ఒక టెస్టు.

ఇన్ని చెబుతున్న నేను ఈ పాఠం చదివి నేర్చుకోలేదు. ఒక కుర్రాడికి నష్టం చేసి నేర్చుకున్నాను.

తొంభైల్లో సంగతి. అప్పుడు నేను స్కోరు రాసే క్లబ్బు కింది డివిజన్‌లో ఉండేది. క్లబ్బు పేరెందుకు. వ్యాసర్పాడి నుంచి సైకిల్ మీద వచ్చే పొడుగాటి కుర్రాడొకడు మీడియం పేస్ వేసేవాడు. సీజను అయ్యాక సెక్రటరీ నన్ను సగటులు తీసిమ్మన్నాడు. తీశాను. ఏడు మ్యాచుల్లో ఆ కుర్రాడికి రెండు వికెట్లు. బౌలర్ల జాబితాలో అట్టడుగున పేరు. పై ఏడాది అతన్ని పిలవలేదు.

ఎండాకాలంలో పుస్తకాలకి అట్టలు వేస్తూ ఊరికే ఆ పేజీలు తిప్పాను. స్కోరు పుస్తకం చదవడం వచ్చినవాళ్లకి తెలుస్తుంది, బౌలరు వరసలో ఒక్కో ఓవరుకి ఒక్కో చిన్న గడి. పరుగు రాని బంతికి చుక్క. ఓవరంతా చుక్కలైతే ఆ ఆరింటినీ గీతతో కలిపి "ఎమ్" చేస్తాం. అందులో వికెట్ కూడా పడితే దాన్నే తిరగేసి "డబ్ల్యు" చేస్తాం. క్యాచ్ వదిలేస్తే గడి మూల చిన్న త్రికోణం పెట్టడం నా సొంత అలవాటు. ఆ కుర్రాడి గడులు లెక్కపెట్టాను. ఏడు మ్యాచుల్లో వేసింది 19 ఓవర్లు. ప్రతి మ్యాచ్‌లోనూ అతని వరస బౌలర్లలో చివరదే, అంటే బంతి చివికిపోయాక, బ్యాట్స్‌మన్లు కుదురుకున్నాక. కొత్త బంతి కెప్టెనూ, కెప్టెన్ మేనల్లుడూ పంచుకునేవారు. ఆ 19 ఓవర్లలో ఐదు "ఎమ్‌"లు. నాలుగు త్రికోణాలు. అన్నీ నా చేత్తో గీసినవే. సగటు తీసేటప్పుడు నేను గడులు చూళ్లేదు, చివరి వరసలో అంకె చూశాను.

ఆ కుర్రాడు మళ్లీ మా మైదానానికి రాలేదు.

అప్పట్నించీ నా రూళ్ల పుస్తకంలో పేరు పక్కన రెండు గడులు చేర్చాను. ఒకటి "వంతు", ఎన్ని ఓవర్లు ఇచ్చారు, ఎన్నో నంబరులో దింపారు. రెండోది "ముందు ఎవరు". పరుగులూ వికెట్లూ ఆ తర్వాతే.

ఈ మధ్యకాలంలో ఈ లెక్కకి డబ్బు తగులుకుంది. ఫోన్లో ఫ్యాంటసీ క్రికెట్ యాపులొచ్చాయి. వంద క్రెడిట్లలో పదకొండుమందిని కొనాల్సి ఉండేది, కెప్టెన్‌కి రెండింతలు పాయింట్లు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర. ఇది నేర్పా, జూదమా అన్న వాదన తిరిగిన దారిలో మనవాళ్ల అడుగులే కనిపిస్తాయి. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నేర్పు అంది. 1996లో మెడ్రాస్ రేస్ క్లబ్ కేసులో గిండీ గుర్రప్పందేల్నీ నేర్పు కిందే కట్టింది. గుర్రం పుట్టుక, జాకీ చెయ్యి, మోసే బరువు చూసి అంచనా వెయ్యాలి కదా అని. ఆ మెట్ల మీదుగానే 2017లో పంజాబ్ హర్యానా హైకోర్టులో డ్రీమ్ లెవెన్ అనే యాప్ గట్టెక్కింది. అయినా తెలంగాణ, ఆంధ్ర ఒప్పుకోలేదు. నెల్లూరులో యాప్ తెరుచుకునేది కాదు, చెన్నైలో తెరుచుకునేది. మా చెల్లెలి కొడుకు శనివారం ఇంటికెళ్లి ఆదివారం రైలెక్కితే తడ దాటేదాకా ఫోను చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి ఆ యాపుల్లో డబ్బు పందేలు ఆగిపోయాయి. గిండీ రేసుకోర్సుకి 2024 సెప్టెంబరులోనే ప్రభుత్వం సీలు వేసింది. నాకు బెంగ లేదు. వాడి డబ్బు ఎంత పోయిందో మా చెల్లెలికి ఇంకా తెలీదు.

కానీ వాడు నా పుస్తకం చూసి రెండు గడులూ వాడుకోవడం నేర్చాడు. నటరాజన్ పేజీ వాడికి బాగా నచ్చింది. సేలం జిల్లా చిన్నప్పంపట్టి వాడు, చెన్నై లీగు కింది డివిజన్లలోంచి ఎక్కి జాలీ రోవర్స్ దాకా వచ్చాడు. 2017 ఐపీఎల్ వేలంలో 10 లక్షల కనీస ధర, పలికింది 3 కోట్లు. తర్వాత హైదరాబాద్ జట్టు కొంది, రెండు సీజన్లు బెంచి మీద కూర్చోబెట్టింది. 2020 చివర్లో ఆస్ట్రేలియాకి నెట్స్‌లో బంతులు వెయ్యడానికి తీసుకెళ్లారు. వరుణ్ చక్రవర్తి భుజం నొప్పి, టీ20 జట్టులో ఖాళీ. సైనీకి తోడు కావాలి, వన్డేలో ఖాళీ. ఉమేశ్, తర్వాత బుమ్రా దెబ్బలు తిన్నారు, టెస్టులో ఖాళీ. ఒకే పర్యటనలో మూడు రకాల ఆటలూ మొదలుపెట్టిన మొదటి ఇండియన్ అయ్యాడు. అతను మొదటి టెస్టు ఆడిన బ్రిస్బేన్‌లోనే అశ్విన్ లేకపోవడంతో మా ట్రిప్లికేన్ కుర్రాడు వాషింగ్టన్ సుందర్ దిగి, మొదటి ఇన్నింగ్స్‌లో 3 వికెట్లు తీసి 62 కొట్టాడు.

సాయి సుదర్శన్ పేజీ నేను స్వయంగా రాసినందుకు కాస్త గర్వపడతాను. 2021 జులైలో తమిళనాడు ప్రీమియర్ లీగు ఖాళీ చెపాక్‌లో జరిగింది, కోవిడ్ వల్ల. మేం టీవీల్లో చూశాం. అతను మొదటి మ్యాచ్‌లో 43 బంతుల్లో 87. హిర్వాణీ తర్వాత ఒక్క మ్యాచ్ చూసి పొంగిపోకూడదని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి, "వంతు: మొదటి ముగ్గురిలో, ముందు ఎవరు: చూడాలి" అని రాసి వదిలేశాను. గుజరాత్ 20 లక్షలకి కొంది. 2022లో విజయ్ శంకర్‌కి దెబ్బ తగిలితే దిగాడు. 2023లో మొదటి మ్యాచ్‌లోనే విలియమ్సన్ మోకాలు పట్టేస్తే ఇంపాక్ట్ ఆటగాడిగా వచ్చాడు. ఆ ఏడాది ఫైనల్లో చెన్నై మీద 47 బంతుల్లో 96 కొడుతుంటే మా ఇంట్లో నన్ను తిట్టారు, నేనే పిలిచి ఆడించినట్టు. 2025లో 759 పరుగులతో ఆరెంజ్ క్యాప్.

మొన్న ఇర్వింగ్ వాడు మళ్లీ ఫోను చేశాడు. "బాబాయ్, మరి ఖాళీ వస్తే చాలా? చెయ్యి అక్కర్లేదా?" అని.

అప్పుడు 1988 పేజీ తీశాను. ఆ టెస్టుకి ముందు కలకత్తాలో వెంగ్‌సర్కార్ చెయ్యి దెబ్బతింది. కెప్టెన్ ఆయనే. అందుకే మెడ్రాసులో రవిశాస్త్రి కెప్టెన్ అయ్యాడు, బ్యాటింగ్‌లో ఒక చోటు ఖాళీ అయింది. ఇండియా పది నెలల తర్వాత మళ్లీ టెస్టు ఆడేసరికి వెంగ్‌సర్కార్ తిరిగొచ్చాడు. అజయ్ శర్మ దేశవాళీ క్రికెట్‌లో 10,000కి పైగా పరుగులు చేశాడు, సగటు 67. ఆ సగటు ఉన్నవాళ్లని ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెయ్యి లేక కాదు. 16 వికెట్ల హోరులో రెండు ఇన్నింగ్స్‌ల 53 ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. "పర్లేదు" పక్కన మొన్ననే ఎర్రసిరాతో రెండు గడులు గీశాను. వంతు: ఒక టెస్టు. ముందు ఎవరు: వెంగ్‌సర్కార్.

మీరు ఆదివారం పూట మెరీనా వైపో, వేళచ్చేరి గురునానక్ కాలేజీ వైపో వస్తే, బౌండరీ దగ్గర మడతకుర్చీలో ఒక మనిషి రంగు పెన్నులు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. నా తర్వాత వచ్చినవాళ్లలో ఒకడు. ఓ టీ ఇప్పించి పక్కన కూర్చోండి. ఓవరు మధ్యలో మాత్రం పలకరించకండి.